ఆసు యంత్రము నేర్పు పాఠము
(రైతుల సమావేశమున చేసిన ప్రసంగము)



బహుమతి పొందిన యంత్రమును ప్రదర్శనశాలలో చూచినపుడు మనము దాని చక్రములను, మోటారును మెచ్చుకొని వచ్చెదము. దానిని చేసినవారు మొదట దేనిని చూచిరో విచారింపము. నేడు ఆ సంగతి చెప్పదలచితిని.

తెలంగాణలో ఆలేరు దగ్గర శారాజీపేట గ్రామము కలదు. అచ్చటి చింతకింది మల్లేశం గారు ఆరవ తరగతితో చదువు మానిన నేతకారులు. పోచంపల్లి తరహా పట్టుచీర నేయుటకు ముందు అర్ధచంద్రాకారముగా అమర్చిన మేకులకు దారమును చేతితో చుట్టవలెను. దీనినే ఆసుపోయుట యందురు. ఒక్క చీరకు చేయి సుమారు 9,000 మార్లు అటునిటు ఆడవలెను. తల్లి లక్ష్మి గారు ఈ పనివలన భుజపు నొప్పితో బాధపడుట చూచి, వారు 1992లో ప్రయత్నము మొదలిడిరి. చివరి చిక్కు, హైదరాబాదు బాలానగరులో మరొక యంత్రపు కదలికను చూచినపుడు విడినది. 1999లో యంత్రము పూర్తియైనది. నాలుగైదు గంటల పని గంటన్నరకు తగ్గినది. దానికి తల్లి పేరే పెట్టిరి. 2017లో వారికి పద్మశ్రీ లభించినది.

వారు మొదట చూచినది యంత్రమును కాదు, భుజమును.

ఇక మన మిరప చేను చూడుడు. కాయ అంతయు ఒకేసారి పండదు; కావున పలుమార్లు కోయవలెను. వంగిన నడుము, మండు చేతులు, నిండిన గోతాము మోత - ఇవి మూడు వేర్వేరు బాధలు. మూడింటికి ఒకే యంత్రము వెదకుట పొరపాటు.

కోతనాడు గట్టుమీద నిలువక, ఒక గంటసేపు సాలు వెంట నడువుడు. గోతాము ఎన్ని అడుగులు మోయుచున్నారో లెక్కింపుడు. ఎచ్చట నొప్పియో కోయుచున్న ఆడవారినే అడుగుడు. గోతాములను సాలు మధ్యనే ఉంచిన కొంత మోత తగ్గును. మిరప ఘాటు నీటిలో సరిగా కరగదు, నూనెలో కరగును. కావున కోత పిదప చేతులకు నూనె రాచి, సబ్బుతో కడుగవలెను. గుడ్డ తొడుగులు వాడిన మరియు మంచిది. పత్తితీతలోను ఇట్లే గమనింపుడు.

అప్పు చేసి యంత్రము కొనుటకు ముందు, దానిని మీ చేనిలో, మీ కూలీల చేత నడిపించి చూడుడు. వారి శ్రమ తగ్గనిచో, ఎన్ని బహుమతులు పొందినదైనను అది మీకు పనికిరాదు.