అవిసె గింజలు – మగవాళ్ల భయాలు

(షోలాపూర్ కార్మికుల సమావేశంలో యూనియన్ కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



ఇవాళ బోనస్ సంగతి కాదు, అవిసె గింజల సంగతి మాట్లాడతాను. నవ్వకండి.

జొన్నరొట్టెతో జవస్ చట్నీ మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్నదే. లినెన్ నూలు వచ్చేది కూడా ఈ మొక్క నారనుంచే. ఇప్పుడు గుండెకు మంచిదని కొందరు గుప్పెళ్లకొద్దీ తింటున్నారు. మగతనం పోతుందని, ప్రొస్టేట్ క్యాన్సర్ వస్తుందని కొందరు ముట్టడమే మానేశారు.

ఈ భయం ఊరికే పుట్టలేదు. గింజలోని లిగ్నాన్లు ఒంట్లో ఆడ హార్మోన్‌ను కొద్దిగా పోలి పనిచేస్తాయి. నూనెలోని ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లానికీ ఈ క్యాన్సర్‌కూ సంబంధం ఉందేమోనని కొన్ని పరిశోధనలు అనుమానించాయి, మరికొన్నింటిలో అది కనబడలేదు. ప్రొస్టేట్ ఆపరేషన్‌కు ముందు 161 మంది మగవాళ్లపై అమెరికాలో జరిపిన పరీక్ష 2008లో అచ్చయింది. రోజుకు 30 గ్రాముల పొడి తిన్నవాళ్లలో క్యాన్సర్ కణాల పెరుగుదల తక్కువగా ఉంది. అంతమాత్రాన అది మందని కాదు. చట్నీకి మాత్రం భయపడనక్కర్లేదని నా అభిప్రాయం.

అసలు ప్రమాదం వేరు. ఈ గింజ నీళ్లు పీల్చి, సైజింగ్ గంజిలా చిక్కబడుతుంది. నీళ్లు తాగకుండా ఎక్కువ తింటే పేగులో అడ్డుపడవచ్చు. సాంచా వదిలిపోతే దారం తెగుతుందని షిఫ్టంతా గొంతు తడుపుకోనివాళ్లు మనలో ఎంతమంది లేరు! తాగునీరు పెట్టడం యజమాని బాధ్యత అని 1948 ఫ్యాక్టరీల చట్టం 18వ సెక్షన్‌లోనే రాశారు. 250 మందికి మించి పనిచేసేచోట ఎండాకాలం చల్లటి నీళ్లే ఇవ్వాలని ఆ చట్టంలో ఉండేది. మీ ఖాతాలో నీళ్లు లేకపోతే యూనియన్ ఆఫీసుకు వచ్చి చెప్పండి.

బీపీ మాత్రలు మింగేవాళ్లు జాగ్రత్త. కెనడాలో 110 మంది రోగులపై జరిపి 2013లో ప్రకటించిన పరీక్షలో, రోజుకు 30 గ్రాములు ఆరు నెలలు తిన్న బీపీ రోగులకు పై అంకె పదిహేను పాయింట్ల దాకా తగ్గింది. మంచిదే. కానీ మాత్ర బలం, గింజ బలం కలిసి బీపీ మరీ పడిపోతే కళ్లు తిరుగుతాయి. నడుస్తున్న మిషన్ దగ్గర కళ్లు తిరిగితే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? షుగర్ మందులు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు కూడా డాక్టరును అడగందే మొదలుపెట్టవద్దు.

పచ్చి గింజల్లో సైనైడ్ పుట్టించే పదార్థం కొద్దిగా ఉంటుంది, వేయిస్తే తగ్గుతుంది. మన అమ్మలు వేయించి దంచిందే సరైన పద్ధతి. ఒక చెంచా పొడి, వెంట నిండు గ్లాసు నీళ్లు.

రాత్రిళ్లు పదేపదే లేవాల్సి వస్తున్నా, మూత్రం సన్నగా వస్తున్నా గింజ మీద వాదన పెట్టుకోక డాక్టరుకు చూపించుకోండి. సిగ్గుపడకండి. ఈఎస్‌ఐ కార్డు ఉన్నవాళ్లు డిస్పెన్సరీకి, లేనివాళ్లు సివిల్ ఆసుపత్రికి వెళ్లండి. తోడు కావాలంటే ఆఫీసునుంచి మనిషిని పంపుతాం.