కళ్లం దాటిన పసుపు
(ఆర్మూరులో పట్టభద్రులకు స్నాతకోత్సవ ప్రసంగం)

 

2025 జూన్ 29, ఆదివారం. నిజామాబాద్‌లో జాతీయ పసుపు బోర్డు ప్రధాన కార్యాలయాన్ని కేంద్ర హోంమంత్రి అమిత్ షా ప్రారంభించారు. ఆర్మూరు, బాల్కొండ, వేల్పూరు, మోర్తాడ్ రైతులు ఏళ్ల తరబడి అడిగిన బోర్డు అది. దానికోసం వాళ్లు రోడ్లెక్కారు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో పసుపు, ఎర్రజొన్న రైతులు పెద్ద సంఖ్యలో నామినేషన్లు వేశారు. దాంతో నిజామాబాద్ బరిలో 185 మంది అభ్యర్థులు నిలిచారు, దేశమంతా ఇటు తిరిగి చూసింది.

మర్నాడు సోమవారం. ఉదయం తొమ్మిది దాటాక సంగారెడ్డి జిల్లా పాశమైలారం పారిశ్రామికవాడలో సిగాచి ఇండస్ట్రీస్ ఫ్యాక్టరీ పేలిపోయింది. చనిపోయిన వారిలో 46 మందిని గుర్తించగలిగారు. మరో 8 మంది ఆనవాళ్లే దొరకలేదు. ఏ శరీరం ఎవరిదో తేల్చడానికి డీఎన్‌ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది. వాళ్లలో చాలామంది బీహార్, ఉత్తరప్రదేశ్, ఒడిశాల నుంచి బతుకుదెరువుకు వచ్చినవాళ్లు.

ఒక్కరోజు తేడాతో జరిగాయి తప్ప ఈ రెంటికీ సంబంధం ఏమీ లేదు. అయినా ఆర్మూరులో చదువుకున్నవాళ్లు రెంటినీ పక్కపక్కన పెట్టి చూడాలి. ఇన్నాళ్లూ ఇక్కడి పసుపును తవ్వారు, ఉడకబెట్టారు, కళ్లంలో ఎండబోశారు, డ్రమ్ములో పాలిష్ పట్టారు, కాడి, గోల, చూర రకాలు వేరుచేసి నిజామాబాద్ యార్డుకో, ధర బాగుందంటే మహారాష్ట్రలోని సాంగ్లీకో లారీ ఎక్కించారు. ఇకపై ఇక్కడే పొడి కొట్టాలి, పసుపులోని కర్కుమిన్‌నూ ఇక్కడే తీయాలి అంటున్నారు. వేల్పూరు మండలం పడగల్‌లో స్పైసెస్ పార్కు పెట్టిందీ అందుకే. మంచిదే. రైతుకు నాలుగు డబ్బులు మిగలాలంటే వేరే దారి కూడా లేదు. కాకపోతే కళ్లం దాటి ఫ్యాక్టరీలో అడుగుపెట్టిన పసుపు, కళ్లంలో ఉన్నప్పటి పసుపులా ఉండదు.

సిగాచిలో తయారయ్యేది బాంబులు కాదు, విషమూ కాదు. మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్ అనే తెల్లటి పొడి. చెక్క గుజ్జు నుంచి తీస్తారు. మందుబిళ్ల విరిగిపోకుండా ఆకారంలో నిలవడానికి అందులో కలుపుతారు. జ్వరానికి బిళ్ల వేసుకునే ప్రతి ఇంట్లోనూ అది ఏదో ఒక రోజు కడుపులోకి వెళ్లే ఉంటుంది. పొడిని ఆరబెట్టే డ్రయ్యర్ విభాగంలో పేలుడు మొదలైందని అధికారులు అప్పట్లో చెప్పారు.

తిన్నా ఏమీ చేయని పొడి భవనాన్ని ఎలా కూల్చింది?

కట్టెల పొయ్యి రాజేసిన ప్రతి తల్లికీ ఇందులో సగం సంగతి తెలుసు. మొద్దు అంటుకోవాలంటే ఊది ఊది కళ్లు మండాలి, చితుకులు ఇట్టే అంటుకుంటాయి. చితుకును ఇంకా నలిపి, మెత్తగా పొడిచేసి గాలిలోకి లేపితే ప్రతి రేణువు చుట్టూ ఆక్సిజన్ చేరుతుంది. అప్పుడు చిన్న నిప్పురవ్వ తగిలినా మేఘమంతా ఒక్కసారిగా మండుతుంది. ఆరుబయట అయితే భగ్గుమని ఆరిపోతుంది. నాలుగు గోడల మధ్య, డ్రయ్యర్‌లో, గొట్టంలో అయితే పీడనం ఎటూ పోలేక పేలుతుంది. ఇది కొత్తగా కనిపెట్టిన విషయం కాదు. 1785లో ఇటలీలోని ట్యూరిన్‌లో ఒక రొట్టెల దుకాణం గోదాములో దీపం వెలుగులో పిండి తోడుతుండగా పేలుడు జరిగింది. దాన్ని మొరోజో అనే ప్రభువు అప్పుడే రాసిపెట్టాడు.

సాంకేతిక విద్యార్థులు తప్పక చదవాల్సిన ఉదంతం ఇంకొకటుంది. అమెరికాలోని జార్జియా రాష్ట్రం పోర్ట్ వెంట్‌వర్త్‌లో ఇంపీరియల్ షుగర్ ఫ్యాక్టరీ. 2008 ఫిబ్రవరి 7 రాత్రి అక్కడ పేలింది పంచదార. 14 మంది చనిపోయారు. చక్కెర నిల్వచేసే గోపురాల కింద నడిచే కన్వేయర్ బెల్టు మీద చెత్తా చెదారం పడకూడదని, అంతకుముందు ఏడాదే దాని చుట్టూ స్టీలు రేకులు బిగించారు. శుభ్రత కోసమే చేశారు. ఆ రేకుల లోపల చక్కెర ధూళి చిక్కబడింది. వేడెక్కిన బేరింగ్ ఒకటి దాన్ని అంటించి ఉంటుందని దర్యాప్తు సంస్థ తేల్చింది.

మనుషుల్ని ఎక్కువగా చంపింది ఆ మొదటి పేలుడు కాదు. దాని అదురుకు దూలాల మీద, పైపుల మీద, నేల మీద ఏళ్లుగా పేరుకున్న ధూళి ఒక్కసారి లేచింది. అది మండింది, ఇంకో చోట ధూళిని లేపింది, అదీ మండింది. అలా ఒక గది నుంచి ఇంకో గదికి పేలుళ్లు పరిగెత్తాయి. ధూళి మందం మిల్లీమీటరులో పదింట ఎనిమిది వంతులు, అంటే కాగితాలకు పెట్టే క్లిప్పు తీగంత ఉండి, గదిలో కాస్త మేర పరుచుకుంటే చాలు, ప్రమాదమేనని అక్కడి భద్రతా ప్రమాణాలు చెబుతాయి. చక్కెర ధూళి పేలుతుందని ఆ పరిశ్రమకు 1925 నుంచే తెలుసని దర్యాప్తులో బయటపడింది. ఎనభై మూడేళ్లు! తెలియక జరిగిందనడానికి వీల్లేదు.

పసుపు పొడి కూడా మొక్క నుంచి వచ్చిన పొడే. బస్తాలో ఉంటే కదలదు. పొడి కొట్టే పల్వరైజర్ దగ్గర, జల్లెడ దగ్గర, బస్తాలు నింపే చోట గాలిలోకి లేస్తే మాత్రం మండే గుణం దానికీ ఉంది. మిల్లులో పనిచేసేవాళ్ల కనుబొమల మీద కనిపించే పసుపే పైకప్పు దూలాల మీదా ఉంటుంది. కనుబొమలు సాయంత్రం కడుక్కుంటారు. దూలాల సంగతి ఎవరు చూడాలి?

ఇక కర్కుమిన్ తీయాలంటే పొడి ఒక్కటే చాలదు, అసిటోన్, ఇథైల్ అసిటేట్ లాంటి ద్రావకాలు కావాలి. వాటి స్వభావం ఎలా ఉంటుందో 2024 ఆగస్టు 21న అనకాపల్లి జిల్లా అచ్యుతాపురంలోని ఎసెన్షియా ఫార్మా కంపెనీలో చూశాం. అక్కడ ద్రావకం వేరు, పేరు ఎంటీబీఈ, కానీ ఇదీ ఇట్టే ఆవిరై అంటుకునే జాతిదే. పైఅంతస్తులో కారి కింద విద్యుత్ ప్యానెళ్ల మీదికి చేరింది, ఆవిరి పేలింది. 17 మంది పోయారు. అది భోజన విరామ సమయం, చాలామంది బయట ఉన్నారు. లేకుంటే ఆ సంఖ్య ఎంతయ్యేదో.

ఆగిన ఫ్యాక్టరీ క్షేమం అనుకునేవాళ్లకు విశాఖలోని ఎల్‌జీ పాలిమర్స్ సమాధానం. 2020 మే 7 తెల్లవారుజామున, లాక్‌డౌన్‌లో నిలిచిపోయిన ఆ ప్లాంటు నుంచి స్టైరీన్ ఆవిరి వెంకటాపురం ఇళ్లలోకి చొరబడింది. 12 మంది ప్రాణాలు పోయాయి. ట్యాంకు అడుగున థర్మామీటరు ఉంది. అడుగున రీడింగు బాగానే ఉంది. వేడెక్కింది పైభాగం, అక్కడ కొలిచే సాధనం లేదు. చల్లబరిచే యంత్రాన్ని రాత్రిళ్లు ఆపేస్తూ వచ్చారు. ప్లాంటులో 36 చోట్ల సైరన్ మోగించే వీలుందని, ఒక్కటీ మోగలేదని ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ రాసింది. రిజిస్టరులో అంకెలు సరిగ్గా రాసిన ఆపరేటర్ తన పని తాను చేశాడు. తప్పు చోట కొలుస్తున్నామేమో అని ఎవరూ అడగలేదు.

ఇలాంటివి జరిగిన ప్రతిసారీ పేపర్లలో ‘మానవ తప్పిదం’ అని వస్తుంది. ఆ మాట మీద కొంచెం అనుమానం ఉంచుకోవడం మంచిది. ఎక్కువసార్లు అది షిఫ్టులో అందరికంటే చిన్న ఉద్యోగి నెత్తిన పడుతుంది. సిగాచి ఘటనలో ఒక మృతుడి కుమారుడు పోలీసులకిచ్చిన ఫిర్యాదు చూడాలి. యంత్రాలు పాతబడ్డాయని, మార్చకపోతే ప్రమాదమని తన తండ్రి చెప్పినా యాజమాన్యం పట్టించుకోలేదన్నది అందులోని ఆరోపణ. నిజానిజాలు కోర్టు తేలుస్తుంది. కానీ పాత ప్రమాదాల ఫైళ్లు తిరగేస్తే, ముందే ఎవరో ఒకరు చెప్పి ఉన్నారన్న సంగతి పదేపదే కనబడుతుంది.

మన చట్టం కూడా ఈ సంగతి ఎరుగనిది కాదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 37వ సెక్షన్‌లోనే పేలే ధూళి పేరుకోకుండా చూడాలని, నిప్పురవ్వ పుట్టే అవకాశం లేకుండా చేయాలని రాశారు. భోపాల్ గ్యాస్ దుర్ఘటన తర్వాత 1987లో చేసిన సవరణ, ప్రమాదం ముంచుకొస్తోందని అనిపిస్తే ఆ మాట పై అధికారికి చెప్పే హక్కును కార్మికుడికి ఇచ్చింది. కార్మిక చట్టాల పేర్లు మారుతుంటాయి, దూలం మీది ధూళి మారదు.

మీలో కొందరు ఊళ్లోనే మిల్లు పెడతారు, కొందరు పాశమైలారమో, జడ్చర్లో, అచ్యుతాపురమో పోతారు. గల్ఫ్ దారి పట్టేవాళ్లూ ఉంటారు, ఆర్మూరుకు అది కొత్త కాదు. ఎక్కడ చేరినా మొదటి వారంలో జీతం స్లిప్పు గురించి అడిగినట్టే ఇంకో మూడు అడగండి. ఇక్కడ ఏది మండుతుంది? కొలిచే మీటరు ఏ చోట ఉంది? గేటు దాకా బయటపడే రెండో దారి ఏది? వెల్డింగ్ పర్మిట్ మీద సంతకం పెట్టమంటే, వెల్డింగ్ జరిగే చోటికి వెళ్లి చూశాకే పెట్టండి. తేడా కనిపిస్తే నోటితో చెప్పి ఊరుకోకండి. తేదీ, టైము వేసి లాగ్‌బుక్‌లో మీ చేతిరాతతో రాయండి. పక్కన పనిచేసే ఒడియా కుర్రాడికో, బీహారీ హెల్పర్‌కో తెలుగు బోర్డు చదవడం రాకపోవచ్చు. అతన్ని వెంట తీసుకెళ్లి అలారం బటన్ ఎక్కడుందో చూపించండి.