తీర్పు ఠాణా దాకా వచ్చేలోపు

ఇంటర్నెట్ చట్టాల మీద ఉపన్యాసమంటే హైదరాబాదులోనో బెంగళూరులోనో ఏసీ హాల్లో పెట్టుకోవాలి గానీ, నెల్లూరు జిల్లా అనుమసముద్రంపేటలో దాని మీద స్మారకోపన్యాసం ఏమిటని కొందరికి అనిపించవచ్చు. కానీ ఇక్కడి దర్గాకు బయల్దేరే యాత్రికుడు దారి చూసుకునేది ఫోన్లో. సోమశిలలో నీళ్లు ఎంత మట్టానికి చేరాయో ఆత్మకూరు రైతు చూసుకునేదీ ఫోన్లోనే. కువైట్‌లో ఉన్న కొడుకు తల్లికి కనిపించేదీ అందులోనే. కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగి నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్, టీవీ, ఫోన్ మూడూ ఇస్తామంటూ మొదలుపెట్టిన ఏపీ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. ఇంటర్నెట్ ఊళ్లోకి వచ్చిన రోజే ఐటీ చట్టమూ ఊళ్లోకి వచ్చింది. ఆ సంగతి మాత్రం ఎవరూ టముకు వేయించలేదు.

ఈ చట్టం తెలుగునాట మొదటిసారి పెద్ద వార్తయింది చీరాల పేరు మీద. 2013 మే నెలలో పౌరహక్కుల సంఘం పీయూసీఎల్ రాష్ట్ర నాయకురాలు, న్యాయవాది జయ వింధ్యాల ఫేస్‌బుక్‌లో చీరాల ఎమ్మెల్యే ఆమంచి కృష్ణమోహన్ మీదా, అప్పటి తమిళనాడు గవర్నరు రోశయ్య మీదా విమర్శలు రాశారు. చీరాల పోలీసులు హైదరాబాదు వెళ్లి ఆమెను అరెస్టు చేశారు. వాడిన ఆయుధం ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్.

ఆ సెక్షన్ ఏం చెప్పేదో ఒకసారి చూడాలి. కంప్యూటరు ద్వారా గానీ ఫోను ద్వారా గానీ తీవ్రంగా అభ్యంతరకరమైన సందేశం పంపినా, ఎదుటివారికి చిరాకు, ఇబ్బంది కలిగించినా మూడేళ్ల దాకా జైలు. చిరాకుకు కొలత ఏమిటో చట్టంలో లేదు. ఎమ్మెల్యేకి చిరాకొచ్చిందా లేదా అన్నది ఎమ్మెల్యేనే చెప్పాలి, నమోదు చేసేది ఎస్సై. అదే మాట రచ్చబండ మీద అన్నా, పత్రికలో అచ్చయినా మహా అయితే పరువు నష్టం కేసు. ఫోన్లో టైపు చేస్తేనే ఈ సెక్షన్. 2008లో సవరణగా పార్లమెంటు దాటిన ఈ సెక్షన్ 2009 అక్టోబరు నుంచి అమల్లోకి వచ్చింది. 2012 నవంబరులో బాల్ ఠాక్రే మరణానంతరం ముంబై బంద్‌ను ప్రశ్నించినందుకు ఒకరిని, ఆ పోస్టును లైక్ చేసినందుకు మరొకరిని, ఇద్దరు అమ్మాయిలను పాల్ఘర్‌లో అరెస్టు చేశాక గానీ దేశం దీన్ని పట్టించుకోలేదు. శ్రేయా సింఘాల్ అనే న్యాయ విద్యార్థిని సుప్రీంకోర్టుకెక్కారు.

జయ వింధ్యాల అరెస్టు ఆ కేసులో చిన్న మలుపు తెచ్చింది. అదే వారంలో, మే 16న, సుప్రీంకోర్టు ఒక ఉత్తర్వు ఇచ్చింది: పై స్థాయి పోలీసు అధికారి అనుమతి లేకుండా 66ఏ కింద ఎవరినీ అరెస్టు చేయకూడదు. నిజానికి కేంద్రం అదే మాటను అంతకు నాలుగు నెలల ముందే, జనవరిలో, రాష్ట్రాలకు సలహాగా పంపింది. ఆ కాగితం చీరాల చేరలేదో, చేరినా ఎవరూ విప్పలేదో. ఈ ఉపన్యాసం వెంటాడేది ఆ కాగితాన్నే.

2015 మార్చి 24న 66ఏ మొత్తంగా పోయింది. తీర్పు రాసింది జస్టిస్ రోహింటన్ నారీమన్, పక్కన కూర్చున్నది కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్. ఆ తీర్పులోని ముఖ్యమైన గీత సామాన్యుడికీ అర్థమయ్యేదే. ఒక విషయాన్ని చర్చించడం వేరు, ఎంత కటువుగానైనా దాన్ని సమర్థించి వాదించడం వేరు, జనాన్ని హింసకు రెచ్చగొట్టడం వేరు. మొదటి రెండింటి జోలికి ప్రభుత్వం పోకూడదు, మూడో దాని దగ్గరే చట్టం అడుగుపెట్టాలి. పదో తరగతి పౌరశాస్త్రంలో పెట్టదగిన మాట.

తర్వాత జరిగింది వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. సెక్షన్ చచ్చిపోయింది గానీ దాని కింద కేసులు పుడుతూనే ఉన్నాయి. ఆరేళ్ల తర్వాత, 2021 జులైలో, పీయూసీఎల్ ఆ లెక్కలు పట్టుకుని మళ్లీ కోర్టుకు వెళ్తే ధర్మాసనంలో ఉన్నది ఎవరు? ఆ తీర్పు రాసిన నారీమనే. తాను కొట్టేసిన సెక్షన్ దేశంలోని ఠాణాల్లో బతికే ఉందని ఆయన బెంచీ మీద కూర్చుని వినాల్సి వచ్చింది. చివరికి 2022 అక్టోబరులో, అంటే తీర్పు వచ్చిన ఏడున్నరేళ్లకు, దాని కింద ఎవరినీ విచారించకూడదని, ఉన్న కేసుల్లోంచీ ఆ సెక్షన్ తీసేయాలని కోర్టు మరోసారి ఆదేశించింది.

దీన్ని పోలీసుల మొండితనంగా చూస్తే సగమే చూసినట్టు. మండల ఠాణాలో ఎస్సైకి సుప్రీంకోర్టు తీర్పు తెలుగులో అందదు. అతని బల్ల మీదికి వచ్చేది ఫిర్యాదు, చెవిలోకి వచ్చేది పైనుంచి ఫోను. ఈ రెంటికీ జవాబు సాయంత్రంలోగా ఇవ్వాలి, తీర్పుకు ఎప్పుడిచ్చినా అడిగేవాడు లేడు. అలాంటి చోట చట్టం ఏ ఆకారంలో అమలవుతుందో ఊహించడానికి పెద్ద చదువు అక్కర్లేదు.

పైనుంచి ఫోను చేసేవాళ్ల పార్టీ మారుతుంది, ఫోను మారదు. చీరాల కేసు నాడు కాంగ్రెసు ప్రభుత్వం. 2017 ఏప్రిల్‌లో 'పొలిటికల్ పంచ్' ఫేస్‌బుక్ పేజీ నడిపిన వ్యక్తిని వ్యంగ్య చిత్రాల మీద అరెస్టు చేసినప్పుడు తెలుగుదేశం ప్రభుత్వం. అప్పుడు ప్రతిపక్షంలో ఉండి వాక్ స్వాతంత్ర్యం గురించి గొంతెత్తిన వైఎస్సార్ కాంగ్రెస్ అధికారంలోకి వచ్చిన కొద్ది నెలలకే, 2019 అక్టోబరులో, తప్పుడు వార్తల మీద కేసులు పెట్టే అధికారాన్ని శాఖల కార్యదర్శులకు ఇస్తూ జీవో 2430 తెచ్చింది. విశాఖలో ఎల్జీ పాలిమర్స్ గ్యాస్ లీకయ్యాక 2020 మేలో, ఆ విషయమై ఒక పోస్టును పంచుకున్నందుకు అరవై దాటిన గుంటూరు మహిళకు సీఐడీ నోటీసు ఇచ్చింది. 2022 సెప్టెంబరులో వాట్సాప్‌లో ఒక మెసేజ్ ముందుకు పంపాడని డెబ్భై దాటిన విజయవాడ పాత్రికేయుడిని అరెస్టు చేసింది. 2023 డిసెంబరులో జబ్బుపడిన తల్లిని చూడ్డానికి అమెరికా నుంచి వచ్చిన ఒక ప్రవాసిని శంషాబాద్ విమానాశ్రయంలోనే పట్టుకుంది. ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట ఊళ్లనుంచి గల్ఫ్ వెళ్లినవాళ్ల ఇళ్లలో ఈ చివరి వార్త ఎలా వినబడి ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు.

2024లో మళ్లీ ప్రభుత్వం మారింది. ఆ నవంబరులో వైఎస్సార్ కాంగ్రెస్ సోషల్ మీడియా కార్యకర్తల మీద వరసబెట్టి కేసులు. అప్పటికి భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది కాబట్టి వర్గాల మధ్య వైరం పెంచడం మీది పాత 153ఏ పోయి 196, పుకార్ల మీది పాత 505 పోయి 353 వచ్చాయి. కొన్ని కేసుల్లో ముఠాల కోసం రాసిన వ్యవస్థీకృత నేరాల సెక్షన్ 111 కూడా చేరింది. 2025 ఫిబ్రవరి చివర్లో వైఎస్సార్ కాంగ్రెస్ పక్షాన మాట్లాడిన నటుడు పోసాని కృష్ణమురళిని, ఆయన అన్న మాటల మీద, ఓబులవారిపల్లె పోలీసులు హైదరాబాదులో అరెస్టు చేశారు. రాజంపేట సబ్‌జైలు, అక్కణ్నుంచి నరసరావుపేట, ఆదోని, గుంటూరు. బయటికొచ్చింది మార్చి నెలాఖరుకు దగ్గర్లో.

పోసాని వాడిన భాషను సమర్థించేవాళ్లు వైఎస్సార్ కాంగ్రెస్‌లోనే కొద్దిమంది. ఆ భాష ఇంట్లో ఆడవాళ్ల ముందు వినదగినది కాదు. కానీ ఇక్కడ చూడాల్సింది జైల్లో ఉన్న మనిషిని ఇంకో కేసులోకి తీసుకెళ్లే పీటీ వారెంటు అనే యంత్రాన్ని. ఒకే మాట మీద పది ఊళ్లలో పదిమంది ఫిర్యాదు చేస్తారు, పది ఎఫ్‌ఐఆర్‌లు పడతాయి. ఒక కేసులో బెయిలు వచ్చేలోపు రెండో ఊరి పోలీసు వారెంటుతో జైలు గేటు దగ్గర ఉంటాడు. శిక్ష వేసే జడ్జి ఇంకా ఫైలు తెరవనే లేదు, శిక్ష మాత్రం వ్యాన్‌లో మొదలైపోయింది. ఒకే ప్రసారం మీద దేశమంతా పడ్డ ఎఫ్‌ఐఆర్‌లలో ఒకటి మాత్రం ఉంచి మిగిలినవి కొట్టేస్తూ అర్ణబ్ గోస్వామి కేసులో 2020 మేలోనే సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. పేరున్న టీవీ యాంకరుకు ఆ తీర్పు వారాల్లో దొరికింది. ఊళ్లో కార్యకర్తకు లాయరు ఫీజు దొరకడానికే అంతకంటే ఎక్కువ పడుతుంది.

ఈ మాటలు విని, అయితే ఫోన్లో ఎవరేం కూసినా ఊరుకోవాలా అని అడిగేవాళ్లున్నారు. సబబైన ప్రశ్నే. దర్గా ఉన్న ఊరికి ఆ ప్రశ్న మరీ దగ్గర. గంధం నాడు హిందువూ ముస్లిమూ ఒకే వరసలో నిలబడే చోట ఒక్క దొంగ వీడియో ఎంత నష్టం చేయగలదో ఇక్కడివాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. 2018 వేసవిలో పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకార్లు లేచినప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అమాయకులు జనం చేతిలో దెబ్బలు తిని చనిపోయారు.

ఆ వేసవిలోనే జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాలకు రెమా రాజేశ్వరి ఎస్పీగా ఉన్నారు. ఊరికొక కానిస్టేబుల్ని కేటాయించే పద్ధతి అప్పటికే ఆమె పెట్టారు. ఎండాకాలం ఆరుబయట మంచాలేసుకునే జనం తలుపులు గడియపెట్టుకుని ఉక్కలో పడుకుంటున్నారన్న సంగతి ఆ కానిస్టేబుళ్ల కంటబడింది. ఎందుకని ఆరా తీస్తే ఫోన్లోని వీడియోలు బయటపడ్డాయి. ఆమె డప్పు కొట్టించారు. పాటలు కట్టించి జానపద కళాకారుల్ని ఊరూరా తిప్పారు. పోలీసులు ఊళ్ల వాట్సాప్ గ్రూపుల్లో చేరి, ఏది అబద్ధమో అక్కడే చెప్పారు. పుకారు చావులు ఆమె పరిధిలోని నాలుగొందల పైచిలుకు ఊళ్లలో జరగలేదు. మంచాలు లోపలికి పోయాయని గమనించడానికి ఏ సెక్షనూ అవసరం పడలేదు. ఊరు తెలిసిన కానిస్టేబులు చాలాడు.

చట్టం నిజంగా కావాల్సిన చోటు ఇంకొకటుంది. అమ్మాయి ఫోటో మార్ఫింగ్ చేసి గ్రూపుల్లో తిప్పితే 66ఈ, 67, 67ఏ సెక్షన్లు ఉన్నాయి, వాటిని ఎవరూ తీసేయమనడం లేదు. మంత్రి మీద పోస్టుకు రాత్రికి రాత్రే జిల్లాలు దాటే జీపు, ఆ అమ్మాయి తండ్రికి రేపు రమ్మని చెప్పడమే బాధ.

ఇక్కడికి దగ్గర్లోని కలిగిరి మండలం దూబగుంట సంగతి ఈ సందర్భంలో గుర్తుచేసుకోవాలి. 1990ల మొదట్లో అక్షరజ్యోతి రాత్రి బడిలో ఆడవాళ్లు చదివిన పాఠం సీతమ్మ కథ, సారా కొంపలు కూల్చిన కథ. చదివి ఊరుకోలేదు, వెళ్లి దుకాణం మూయించారు. వాళ్లకు ముందు నడిచిన రోసమ్మ పేరు దేశమంతా తెలిసింది. 1992లో నెల్లూరు జిల్లాలో సారా వేలం పాటలు సాగలేదు. 1993 ఏప్రిల్‌లో జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఆ ఆడవాళ్లు కాంట్రాక్టరు గురించి, అతని వెనకున్న నాయకుల గురించి వీధిలో అన్న మాటలు సౌమ్యంగా ఉన్నాయని ఎవరూ అనరు. అవే మాటలు ఈరోజు రీలుగా వస్తే? పరువు తీశారని ఒక ఫిర్యాదు, శాంతిభద్రతలని ఇంకొకటి, ఉదయగిరిలో ఒక ఎఫ్‌ఐఆర్, ఆత్మకూరులో ఇంకొకటి. వేలంపాట కంటే ముందు ఫోను జప్తు అయ్యేది.

పైగా ఇప్పుడు మనిషిని పట్టుకోకుండానే మాటను మాయం చేసే దారి పడింది. ఐటీ చట్టం 79(3)(బి) కింద నోటీసులు పంపడానికి కేంద్రం సహయోగ్ అనే పోర్టల్ పెట్టింది. నోటీసు కంపెనీకి వెళ్తుంది, రాసినవాడికి కబురు రాకపోవచ్చు. ఎక్స్ సంస్థ దీనిమీద వేసిన పిటిషన్‌ను 2025 సెప్టెంబరులో కర్ణాటక హైకోర్టు కొట్టేసింది. ఆ తర్వాత నవంబరు నుంచి పోలీసుల తరఫున ఇలాంటి నోటీసు డీఐజీ స్థాయికి తగ్గని అధికారే ఇవ్వాలని నిబంధన మార్చారు. చీరాలనాటి 'పై అధికారి అనుమతి' మందే మళ్లీ రాశారన్నమాట.

అయినా కోర్టుల్లో కదలిక లేకపోలేదు. 2025 మార్చిలో ఎంపీ ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కవిత మీద కేసు కొట్టేస్తూ, మూడు నుంచి ఏడేళ్లలోపు శిక్షపడే మాటల కేసుల్లో ఎఫ్‌ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ చేయడం తగునని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ జులైలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, సోషల్ మీడియా కేసుల్లో యాంత్రికంగా రిమాండు వేయొద్దని మేజిస్ట్రేట్లకు సర్క్యులర్ పంపింది. సెప్టెంబరులో తెలంగాణ హైకోర్టు ముఖ్యమంత్రిని విమర్శించిన ట్వీట్ల మీది కేసుల్ని కొట్టేసి పోలీసులకు మార్గదర్శకాలు రాసింది: ఫిర్యాదుదారుడు నిజంగా బాధితుడేనా చూడాలి, కటువైన రాజకీయ విమర్శను నేరంగా చూడకూడదు, సున్నితమైన కేసుల్లో పబ్లిక్ ప్రాసిక్యూటర్ అభిప్రాయం తీసుకోవాలి.

చీరాలలో తప్పిపోయిన కాగితానికీ వీటికీ తేడా ఉంటుందా అన్నది కేసులో ఇరుక్కున్నవాళ్లు ఠాణాలో అడిగేదాన్ని బట్టే. అలా అడగాల్సి వచ్చేవాళ్లకు ఉపయోగపడేవి కొన్ని ఉన్నాయి. ఏడేళ్లలోపు శిక్ష ఉన్న కేసులో అరెస్టు తప్పనిసరి కాదు, మామూలుగా ముందు రావాల్సింది భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) 35(3) కింద రాతపూర్వక నోటీసు. నోటీసు వస్తే తప్పించుకోకూడదు, చెప్పిన రోజున వెళ్లాలి. ఫోను తీసుకుంటే తీసుకున్నట్టు పంచనామా, దాని నకలు అడగాలి. సున్నితమైన కేసులు తప్ప ఎఫ్‌ఐఆర్‌ను 24 గంటల్లో, మారుమూల చోట్ల 72 గంటల్లోపు వెబ్‌సైటులో పెట్టాలని 2016 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. లాయరును పెట్టుకునే స్తోమత లేకపోతే న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా ఇస్తుంది, ఫోను నంబరు 15100.