ఎముకలలో చేరిన వెలుగు

చీకటిలో అంకెలు పచ్చగా వెలుగు చేతి గడియారములను మనలో వయసు మీరినవారు ఎరుగుదురు. రేడియం గడియారమని దానికి పేరు. ఈనాటికిని మన ఊళ్లలో బండ్ల వెనుక అంటించు మెరుపు కాగితములను జనులు రేడియం అనియే పిలుతురు. ఆ కాగితములలో రేడియం లేశమైనను లేదు. తమపై పడిన వెలుతురును త్రిప్పికొట్టుట మాత్రమే వాని పని. ఆ పేరు అంతగా వ్యాపించుటకు కారణమైన అసలు రేడియం మాత్రము మానవుని ఎముకలను గూర్చి వైద్యులకు ఎన్నో సంగతులు నేర్పినది. ఆ చదువునకు మూల్యము చెల్లించినవారు కొందరు పడుచుపిల్లలు.

మొదటి ప్రపంచ యుద్ధకాలమున సైనికులకు రాత్రివేళ కనబడు గడియారములు కావలసివచ్చెను. 1917లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున, ఆరెంజ్ పట్టణమందు, అట్టి అంకెలకు రంగు వేయు కర్మాగారము నెలకొనెను. జింక్ సల్ఫైడ్ పొడిలో ఇసుమంత రేడియం కలిపినచో ఆ పొడి దానంతట అదియే వెలుగును. ఆ రంగుతో సన్నని అంకెలు దిద్దుటకు నేర్పుగల చేతులు కావలెను గనుక ఇరువదేండ్లు నిండని ఆడపిల్లలను పెక్కుమందిని పనిలో పెట్టుకొనిరి. నాలుగు గీతలు గీయగానే కుంచె వెండ్రుకలు విడిపోవును. దానిని పెదవుల నడుమ నుంచి మొనదేర్చుకొనుడని వారికి నేర్పిరి. దినమునకు వందలకొలది పర్యాయములు కుంచె నోటికి పోవుచుండెను. సాయంకాలము ఇంటికి పోవునప్పుడు వారి జుట్టు, బట్టలు చీకటిలో మెరసెడివి. సరదాకు గోళ్లకు సైతము ఆ రంగు పూసికొనెడివారు. రేడియం ఆరోగ్యప్రదమని మందుసీసాలలో అమ్ముచున్న రోజులవి. అయినను అదే కర్మాగారములోని రసాయన శాస్త్రజ్ఞులు సీసపు తెరల చాటున, పట్టుకార్లతో పని చేయుచుండిరి. ఈ వ్యత్యాసమునకు నాకు క్షమింపదగిన కారణమేదియు కనబడదు.

ఇచట ఎముకను గూర్చి కొంచెము చెప్పవలెను. ఎముక రాయి వంటిదని మనము తలంతుము గాని, అది జీవము గల పదార్థము. కొన్ని కణములు పాత ఎముకను కరగించుచుండగా మరికొన్ని క్రొత్త ఎముకను కట్టుచుండును. పెద్దవారి అస్థిపంజరములో ఏటేట సుమారు పదియవ వంతు ఈ విధముగా మారిపోవును. వయసు మళ్లినకొలది కూల్చుపని ముందుకు సాగి, కట్టుపని వెనుకబడును. ముసలితనమున ఎముకలు గుల్లబారుటకు ప్రధాన కారణమిదియే. కట్టుపనికి ముఖ్యమైన సరుకు కాల్షియం. రేడియం రసాయన గుణములలో కాల్షియమునకు జ్ఞాతి వంటిది; దేహమునకు ఆ రెంటికి భేదము తెలియదు. మ్రింగిన రేడియంలో అధికభాగము కొలది దినములలోనే బయటికి పోయినను, మిగిలిన కొంచెము ఎముకలోనికి చేరి స్థిరపడును. దానిలో సగము నశించుటకు 1,600 సంవత్సరములు పట్టును. అది విడుచు ఆల్ఫా కణములు ఒక కాగితమునైనను దాటలేవు. బయట నున్నంతవరకు చర్మమే వానికి అడ్డు. ఎముక లోపల చేరినచో, ప్రక్కనే యున్న కణములను అవి రేయింబవళ్లు కొట్టుచుండును. ఎముకను కట్టు కణములు చచ్చును, సన్నని రక్తనాళములు మూసికొనిపోవును, ఒక్కొక్కప్పుడు ఎముకలో కేన్సరు పుట్టును.

మోలీ మాగ్గియా అను యువతికి మొదట ఒక పన్ను నొప్పి పుట్టెను. పన్ను తీసిరి, ఆ గాయము మానలేదు. ప్రక్క పన్ను తీసిరి, అదియు మానలేదు. కొన్నాళ్లకు దవడ యెముకయే దంతవైద్యుని చేతిలోనికి ఊడివచ్చెను. 1922 సెప్టెంబరులో, పాతికేండ్లు నిండకయే, ఆమె మరణించెను. మరణపత్రములో కారణము సుఖవ్యాధియని వ్రాసిరి. ఆ కుటుంబము భరించిన అవమానము ఎంతటిదో ఊహించుకొనుడు. ఆమె తోడివారిలో ఒకరికి ఒక కాలు రెండవ కాలికంటె పొట్టియైనది. గ్రేస్ ఫ్రయర్ అను ఆమె వెన్నెముక కూలకుండ నడుమునకు ఉక్కుకట్టు ధరించి బ్యాంకులో ఉద్యోగము చేసెను. వృద్ధులకు దశాబ్దములమీద రాదగిన శిథిలత వీరికి ముప్పదేండ్లు దాటకయే సంప్రాప్తించెను.

1925లో హారిసన్ మార్ట్‌లాండ్ అను వైద్యుడు దీనికి కారణము రేడియమేయని ప్రకటించెను. 1927లో మోలీ సమాధిని త్రవ్వి, ఎముకలను చీకటిగదిలో ఫోటోఫిల్ముపై కొన్ని దినములుంచగా, వాని వెలుగుతోనే వాని రూపము ఫిల్ముపై అచ్చుపడెను. అయిదేండ్ల తరువాత నిజము బయటపడెను. అయినను చట్టము ఒక చిక్కు తెచ్చిపెట్టెను: హాని జరిగిన రెండేండ్లలోగా దావా వేయవలెనట! రోగము పైకి కనబడుటకే అంతకంటె ఎక్కువ కాలము పట్టినప్పుడు ఆ గడువునకు అర్థమేమి? గ్రేస్ ఫ్రయర్‌కు న్యాయవాది దొరకుటకే రెండేండ్లు పట్టెను. 1928లో అయిదుగురు స్త్రీలకు తలకు పదివేల డాలర్లు, ఏటేట భరణము, వైద్యఖర్చులు ఇచ్చుటకు రాజీ కుదిరెను. 1933లో గ్రేస్ గతించెను.

తరువాత శాస్త్రజ్ఞులు ఇట్టి కార్మికులను జీవితాంతము పరీక్షించుచు వచ్చిరి. దేహములోని రేడియం నిశ్చయముగా కొలువబడిన 2,383 మందిలో 64 మందికి ఎముక కేన్సరు వచ్చెను. ఆ 64 మందియు ఎముకలకు 10 గ్రేలకు మించిన అత్యధిక మోతాదు తగిలినవారే.

ఈ సంఖ్యను చూచి మనవారు కొందరు ఎక్స్‌రే అనగానే భయపడుట సరికాదు. ఎముకల సాంద్రత చూచు పరీక్షలో తగులు కిరణములు ఛాతీ ఎక్స్‌రేలో కంటె తక్కువ. జారిపడిన ముసలితల్లికి ఎక్స్‌రే వద్దనుట ఆమెకు మేలు చేయుట కాదు.

జాగ్రత్త పడవలసినది వేరొకచోట కలదు. మన జనులు "కరెంటు పెట్టుట" యని చెప్పుకొను కిరణచికిత్స కేన్సరునకు దివ్యమైన సాధనమే, దానిని మానరాదు. కాని అందలి మోతాదు పెద్దది. గర్భాశయ ముఖద్వారపు కేన్సరునకు ఆ చికిత్స పొందిన స్త్రీలకు, కొంతకాలమునకు కటి ఎముకలలో చిన్న పగుళ్లు రావచ్చును. నడుము నొప్పి వచ్చినచో వయసని సరిపెట్టుకొనక వైద్యునికి చూపవలెను. ఉత్తర కోస్తాలో చుట్టను అడ్డముగా, నిప్పు నోటిలోనికి పెట్టి త్రాగు అడ్డపొగ అలవాటు కలదు. దానివలన అంగిలి కేన్సరు వచ్చుట వైద్యులెరిగినదే. నోటి కేన్సరునకు కిరణచికిత్స ఆరంభించుటకు ముందే పుచ్చిపళ్లను తీయించి, గాయము మాననీయవలెను. చికిత్స తరువాత పన్ను తీసినచో, మోలీకి వలెనే, దవడలోని గాయము మానకపోవచ్చును. చికిత్స జరిగి పదేండ్లైనను సరే, పన్ను తీయు వైద్యునికి ఆ సంగతి ముందుగా చెప్పవలెను. ఆనాటి ఆసుపత్రి కాగితములు కూడ చూపవలెను.