ఖాతా గుట్టు ఎవరిది?

(తిఫ్రాలో జరిగిన సిబ్బంది కుటుంబాల సమావేశంలో ఒక అధికారి చేసిన ప్రసంగ పాఠం)

ఆదివారం సాయంత్రం క్రికెట్టూ సీరియళ్లూ వదులుకుని వచ్చారంటే మామూలు త్యాగం కాదు, ముందుగా అందుకు ధన్యవాదాలు.

నాకిచ్చిన అంశం చాలా పెద్దది. ప్రభుత్వ విధానాలు, ప్రైవసీ, మీడియా, సెల్‌ఫోను. నాలుగూ నాలుగు రోజుల సరుకు. నాకు తెలిసిన దారి బ్యాంకు కౌంటరు దారి ఒక్కటే కాబట్టి ఆ దారినే వస్తాను. చెప్పేవన్నీ నా సొంత అభిప్రాయాలు, బ్యాంకువి కావు.

ప్రైవసీని పత్రికలవాళ్లు గోప్యత అని రాస్తారు. మన ఇళ్లలో ఆ మాట ఎవరూ వాడరు, గుట్టు అంటాం. 'గుట్టుగా సంసారం చేసుకొచ్చింది' అంటే అది మెచ్చుకోలు. 'ఇంటి గుట్టు లంకకు చేటు' అంటే అది హెచ్చరిక. అందుకే ప్రైవసీ అనేది పెద్ద చదువులవాళ్ల గొడవ, మనకెందుకు అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. కాకపోతే ఒక తేడా ఉంది. గుట్టు మనం దాచుకునేది. ప్రైవసీ అంటే, నమ్మి మరొకరి చేతిలో పెట్టిన తర్వాత కూడా మనదిగానే మిగిలేది.

ఈ రెండోదానికి మనం ఉద్యోగంలో చేరిన రోజే సంతకం పెట్టాం. బ్యాంకుల జాతీయీకరణకు సంబంధించిన 1970 నాటి చట్టంలో 13వ సెక్షను ఉంది. ఖాతాదారుల వ్యవహారాలను చట్టం చెప్పిన సందర్భాల్లో తప్ప బయటపెట్టకూడదని అది బ్యాంకును కట్టడి చేస్తుంది. డైరెక్టరు మొదలు కింది ఉద్యోగి వరకు అందరూ విధుల్లో చేరేముందు విశ్వాస పాత్రతకూ గోప్యతకూ కట్టుబడతామని ప్రకటన ఇవ్వాలని కూడా అదే సెక్షను చెబుతుంది. చేరిన రోజు ఇచ్చిన కాగితాల కట్టలో ఆ కాగితాన్ని ఎంతమంది చదివి సంతకం పెట్టారో నేను అడగను. ఇళ్లలో ఉన్నవాళ్లకు మాత్రం ఈ మాట తెలియాలి. మీ ఆయనో, మీ ఆవిడో, మీ అబ్బాయో ఆఫీసు సంగతులు ఇంట్లో చెప్పకపోతే అది బెట్టు కాదు, పెట్టిన సంతకం.

ఇప్పుడు హైదరాబాదులో పుట్టిన ఒక కేసు గురించి చెబుతాను. బ్యాంకువాళ్లు అందరూ తెలుసుకోవలసిన కేసు ఇది. 1899 నాటి స్టాంపుల చట్టానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986లో ఒక సవరణ తెచ్చింది. దాని 73వ సెక్షను ప్రకారం, స్టాంపు డ్యూటీ ఎగవేత ఉందనుకుంటే కలెక్టరు ఎవరినైనా రాతపూర్వకంగా నియమించి, కాగితాలున్న ఏ చోటికైనా పంపవచ్చు. ఆ వ్యక్తి పత్రాలు చూడవచ్చు, నోట్సు రాసుకోవచ్చు, అవసరమనుకుంటే పట్టుకుపోవచ్చు. ఆ చోటు ప్రభుత్వ కార్యాలయమే కానక్కర్లేదు, బ్యాంకైనా సరే. పంపే మనిషికి ఏ హోదా ఉండాలో చట్టం చెప్పలేదు. అనుమానానికి కారణం ఏమిటో కాగితం మీద రాయాలని కూడా చెప్పలేదు.

ఆలోచించండి. లోన్ కోసం మీరు మీ ఇంటి దస్తావేజు బ్యాంకులో పెట్టారు. వాటా పంపకాల కాగితం పెట్టారు, వీలునామా నకలు పెట్టారు. ఎవరో వచ్చి బీరువా తెరిపించి అవన్నీ తిరగేయవచ్చు. మీకు కబురు కూడా ఉండదు.

ఆ సవరణను ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కొట్టేసింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 'డిస్ట్రిక్ట్ రిజిస్ట్రార్ అండ్ కలెక్టర్, హైదరాబాద్ వర్సెస్ కెనరా బ్యాంక్' అనేది ఆ కేసు పేరు. 2004 నవంబరులో అప్పటి ప్రధాన న్యాయమూర్తి లహోటి గారు తీర్పు రాశారు, ప్రభుత్వం ఓడిపోయింది. ఆ తీర్పులో నాకు బాగా నచ్చిన ముక్క ఒకటుంది. ప్రైవసీ హక్కు మనుషులకు చెందినది, స్థలాలకు కాదు అన్నారు. అంటే నా కాగితం నా ఇంట్లో ఉన్నంతసేపే నాది కాదు. బ్యాంకుకు ఇచ్చినంత మాత్రాన అది ఊరందరిదీ అయిపోదు.

ఇందులో గొప్పేముంది, న్యాయం అదే కదా అనిపించవచ్చు. కానీ అమెరికా సుప్రీంకోర్టు 1976లో దీనికి తలకిందుగా చెప్పింది. జార్జియా రాష్ట్రంలో మిల్లర్ అనే ఆయన మీద పన్ను కట్టకుండా సారా కాస్తున్నాడని కేసు. అతని బ్యాంకు రికార్డులు తీసుకున్నారు. బ్యాంకుకు ఇచ్చిన సమాచారం మీద అతనికి రాజ్యాంగ రక్షణ లేదు, అవి బ్యాంకు రికార్డులు అన్నారు. తర్వాత రెండేళ్లకు వాళ్ల పార్లమెంటు వేరే చట్టం చేసుకోవలసి వచ్చింది. మన కోర్టు ఆ దారిలో వెళ్లలేదు. తొమ్మిది మంది న్యాయమూర్తులు 2017 ఆగస్టు 24న ప్రైవసీ ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా తేల్చారు. అంతకు పదమూడేళ్ల ముందే, మన హైదరాబాదు రిజిస్ట్రారు పుణ్యమా అని, బ్యాంకు కాగితాల విషయంలో కోర్టు ఆ మాట చెప్పేసింది.

ఆ హక్కు ఎక్కువగా ఎవరికి కావాలి? నల్లడబ్బు వాళ్లకా? వాళ్లకు వాళ్ల దారులున్నాయి. ఈ పారిశ్రామికవాడలో పని చేసే ఆడవాళ్లు కొందరు పాసుబుక్కు ఇంటికి తీసుకెళ్లరు. పొరుగింట్లోనో, అక్క దగ్గరో ఉంచుతారు. వారానికి రెండు మూడు వందలు వేసుకుంటారు. 'మీ ఆవిడకు మా బ్రాంచిలో మంచి డిపాజిట్టే ఉందే' అని కౌంటరు దాటి ఒక్క మాట బయటికి వెళితే ఆ రాత్రి ఆ ఇంట్లో ఏమవుతుందో ఊహించుకోండి. ఆ మాట అన్నవాడికి అది సరదా.

మనది చిన్న లోకం. మనలో కొందరం బదిలీ మీద వచ్చినవాళ్లం. మరికొందరి తాతలు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి బెంగాల్ నాగపూర్ రైల్వే పనులకు వచ్చి బిలాస్‌పూర్‌లో స్థిరపడినవాళ్లు. ఎవరింటికి విశాఖపట్నం-కోర్బా ఎక్స్‌ప్రెస్‌లో ఎవరొచ్చారో మధ్యాహ్నానికల్లా అందరికీ తెలుస్తుంది. అది మన బలం కూడా. ఒకరు ఆసుపత్రిలో ఉంటే నాలుగిళ్ల నుంచి క్యారియర్లు వెళతాయి. అదే మొహమాటం బ్యాంకు దాకా వస్తేనే చిక్కు. పెళ్లి సంబంధాల రోజుల్లో ఫోన్లు వస్తాయి. 'బావగారూ, ఆ అబ్బాయి వాళ్ల ఖాతా మీ బ్యాంకేనట. కాస్త చూసి చెప్పండి. ఆడపిల్ల విషయం కదా' అంటారు. 2025లో మహారాష్ట్రలో ఒక పెళ్లికొడుకు సిబిల్ స్కోరు చూసి సంబంధం వదులుకున్నారని పత్రికల్లో వచ్చాక ఈ ఫోన్లు ఇంకా పెరిగాయి.

అలా అడిగినవాళ్లలో ఒక పెద్దాయనకు కుదరదని చెప్పాను. మూడు నెలలు మాట్లాడలేదు. ఆయన భయం అబద్ధం కాదు, కూతుర్ని అప్పులపాలైన ఇంటికి పంపకూడదనే తండ్రి బాధ అది. కానీ అదే రోజు అబ్బాయి తరఫువాళ్లు మా మరో బ్రాంచికి ఫోన్ చేసి ఈయన ఖాతా అడిగితే? ఆయనకు నేను చెప్పిన సలహా ఇది. అబ్బాయినే అడగండి. క్రెడిట్ నివేదిక ఎవరిది వాళ్లు ప్రతి సంస్థ నుంచీ ఏడాదికోసారి ఉచితంగా తీసుకోవచ్చు, రిజర్వు బ్యాంకు నిబంధన అది. మీ అమ్మాయిది కూడా చేతికివ్వండి. ఇక ఉద్యోగుల కోసం ఒక మాట. ఏ ఖాతాను ఎవరి ఐడీతో ఎప్పుడు తెరిచి చూశారో సిస్టంలో ఉండిపోతుంది. బావగారికి అది తెలియదు, ఆడిటరుకు తెలుస్తుంది.

ఇప్పుడు ప్రభుత్వం సంగతి. నేను ఆధార్‌కు వ్యతిరేకిని కాను. పింఛను డబ్బు మధ్యలో ఎవరి చేతులూ తడపకుండా ముసలమ్మ ఖాతాలో పడటం కౌంటరులో కూర్చుని చూశాను, అది చిన్న విషయం కాదు. నా పేచీ ఒక్కటే. ఒక పనికని తీసుకున్న సమాచారం ఇంకో పనికి పోకూడదు, వీధిన పడకూడదు. 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు ఆధార్‌ను నిలబెడుతూనే, బ్యాంకు ఖాతాకు దాన్ని తప్పనిసరి చేయడం చెల్లదని చెప్పింది. మరి వీధిన పడ్డ మాటో? 2017లో బెంగుళూరుకు చెందిన సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ పరిశోధకులు నాలుగు ప్రభుత్వ పోర్టళ్లను పరిశీలించారు. సుమారు 13 కోట్ల ఆధార్ నంబర్లు బయటికి కనిపించే స్థితిలో ఉండి ఉండవచ్చని అంచనా వేశారు. ఆ నాలుగింటిలో రెండు ఆంధ్రప్రదేశ్‌వి, ఒకటి ఉపాధి హామీది, ఒకటి చంద్రన్న బీమాది. ఎవరూ దొంగిలించలేదు, మనవాళ్లే తలుపు తెరిచి పెట్టారు.

2018లో తెలంగాణలో జరిగింది ఇంకా చిత్రం. పెద్దపల్లి జిల్లాలో సిమ్ కార్డులు అమ్మే ఒకతను రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటు నుంచి దస్తావేజులు దింపుకున్నాడు. వాటి మీది వేలిముద్రలతో రబ్బరు ముద్రలు తయారు చేసి, వేరేవాళ్ల పేర్ల మీద సిమ్‌లు యాక్టివేట్ చేశాడని పోలీసులు పట్టుకున్నారు. బ్యాంకు బీరువాలో దస్తావేజులు చూసే అధికారం కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది కూడా స్టాంపులు, రిజిస్ట్రేషన్ల శాఖే. పాస్‌వర్డ్ మార్చుకోవచ్చు. వేలు మార్చుకోలేం కదా!

2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. 2025 నవంబరులో దాని నియమాలు వెలువడ్డాయి. జాగ్రత్త తీసుకోని సంస్థలకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. మంచిదే. కానీ తన సంస్థలకు మినహాయింపు ఇచ్చుకునే అధికారాన్ని ప్రభుత్వం అదే చట్టంలో అట్టిపెట్టుకుంది. సమాచార హక్కు చట్టంలో వ్యక్తిగత సమాచారానికి సంబంధించిన నిబంధనను కూడా దీనితోనే మార్చారు. ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వవచ్చన్న మాట ఆ నిబంధనలో ఉండేది, దాన్ని అక్కడ తీసేశారు. పౌరుడి కాగితాలు ప్రభుత్వానికి తేటగా కనబడాలి, ప్రభుత్వ కాగితాలు పౌరుడికి మసకగా కనబడాలి అంటే నాకు లెక్క కుదరడం లేదు. ఇరవై ఏళ్లుగా డెబిట్లూ క్రెడిట్లూ సరిచూసుకునేవాణ్ణి, అలవాటు పోదు.

మీడియా గురించి ఎక్కువ చెప్పను, ఒక ఉదాహరణ చాలు. 2019 ఎన్నికల ముందు హైదరాబాదులో ఐటీ గ్రిడ్స్ కేసు గుర్తుందా? తెలుగుదేశం పార్టీ 'సేవామిత్ర' యాప్‌కు పని చేసిన కంపెనీ అది. దాని దగ్గర ఓటర్ల వివరాలున్నాయని ఆరోపణ. ఏప్రిల్లో ఆధార్ సంస్థే ఫిర్యాదు చేసింది, దాదాపు 7.8 కోట్ల మంది వివరాలు దొరికాయన్నారు. తమ సొంత సర్వర్లలోకి ఎవరూ చొరబడలేదని కూడా అదే సంస్థ చెప్పింది. మన చానళ్లు, పత్రికలు నెల రోజులు ఊదరగొట్టాయి. ఒక వర్గం దాన్ని ప్రజల డేటా చోరీ అంది. ఇంకో వర్గం పక్క రాష్ట్రం పోలీసులతో కలిసి పార్టీ డేటా చోరీ అంది. ఏది ఏ వర్గమో మీకు చెప్పక్కర్లేదు, మాస్ట్‌హెడ్ చూస్తే చిన్నపిల్లలు కూడా చెబుతారు. ఎవరు దొంగ అన్నదే గొడవ. మా అమ్మ ఆధార్ నంబరు అసలు ఏ ఆఫీసు నుంచి ఏ దారిన బయటపడిందో చెప్పమని ఎవరూ పట్టుబట్టలేదు. అది అడిగితే అన్ని ప్రభుత్వాల పేర్లూ వస్తాయి. నేను ఒక వార్త రెండు పక్షాల పత్రికల్లోనూ చదివి, రెండూ ఒప్పుకున్న అంకెను మాత్రం నమ్ముతాను. మిగిలినది వినోదం కింద జమ.

ఫోన్ల సంగతి మీ పిల్లలకు నాకంటే బాగా తెలుసు. పెద్దలకు రెండు మాటలు. 2020 చివర్లో హైదరాబాదు పోలీసులు లోన్ యాప్‌ల ముఠాలను పట్టుకున్నప్పుడు బయటపడింది ఏమిటంటే, మూడు వేలో ఐదు వేలో అప్పిచ్చి ఫోనులోని పేర్లన్నీ లాక్కుని, బంధువులందరికీ మెసేజీలు పంపి పరువు తీసేవారు. కొందరు ప్రాణాలు తీసుకున్నారు. 2022లో రిజర్వు బ్యాంకు నిబంధనలు పెట్టింది. అప్పిచ్చే యాప్ మీ కాంటాక్టుల జోలికి, ఫొటోల జోలికి వెళ్లకూడదు. అడిగిందంటే తీసేయండి. రెండోది, 'డిజిటల్ అరెస్ట్' అనేది ఏ చట్టంలోనూ లేదు. వీడియోలో యూనిఫాం కనబడినా సరే ఫోన్ పెట్టేయండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి చెప్పండి.

చివరగా మన ఇళ్లలోనే జరిగేది ఒకటుంది. గుట్టు పేరుతో కొందరు మగవాళ్లు భార్యకు కూడా ఖాతాల సంగతి చెప్పరు. ఆయన పోయాక ఆవిడ ఏ బ్యాంకని తిరగాలి? కౌంటరులో అలాంటివాళ్లకు సమాధానం చెప్పడం కంటే కష్టమైన పని మాకు లేదు. ఎందుకంటే నామినేషన్ లేకపోతే ఆవిడ దగ్గర కూడా మేము నిబంధనలే మాట్లాడాలి. 2025 నవంబరు 1 నుంచి డిపాజిట్ ఖాతాకు నలుగురి దాకా నామినీలను పెట్టవచ్చు, ఎవరికి ఎంత వాటానో కూడా రాయవచ్చు. ఈ ఊళ్లో తాతల కాలం నుంచి ఉన్న కుటుంబాలవారు రిజర్వు బ్యాంకు 'ఉద్గమ్' పోర్టల్‌లో కూడా ఒకసారి వెతకండి. ఎవరూ అడగని పాత డిపాజిట్లు పేరు, పుట్టిన తేదీ, పాన్ లాంటి వివరాలతో కనబడతాయి. నామినేషన్ ఫారాలు ఆ చివర బల్ల మీద పెట్టించాను. టీ అక్కడే ఇస్తున్నారు. ఇద్దరూ కలిసి వెళ్లి తీసుకోండి, నింపేటప్పుడు సందేహాలుంటే నేను అక్కడే ఉంటాను.