వాయిదా తప్పితే పరారీయేనా?

(వరంగల్‌లో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



'పరారీ' అనగానే మన కళ్ళ ముందు గోడ దూకే మనిషి కనిపిస్తాడు. ఈ ప్రాంతం వాళ్ళకైతే 1984 జనవరిలో ఉస్మానియా ఆసుపత్రి నుంచి పోలీసు కాపలా తప్పించుకుపోయిన కొండపల్లి సీతారామయ్య గుర్తొస్తారు. కాజీపేటలో హిందీ చెప్పిన పంతులు కదా. కానీ కోర్టు రికార్డుల్లో పరారీ అని నమోదైన ఆడవాళ్ళలో ఎక్కువమంది ఏ గోడా దూకినవాళ్ళు కాదు. పత్తి ఏరడానికి పోయినవాళ్ళు, కాన్పుకు పుట్టింటికి పోయినవాళ్ళు, వాయిదా తేదీ రాసిన చీటీ పోగొట్టుకున్నవాళ్ళు.

చట్టం ఈ రెంటినీ వేరుగానే చూస్తుంది. కస్టడీ నుంచి తప్పించుకుపోవడం పాత శిక్షాస్మృతిలో 224వ సెక్షన్, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 262. రెండేళ్ళ దాకా శిక్ష. అయితే ఆ కస్టడీ చట్టబద్ధమైనదై ఉండాలి. పొద్దుగూకాక, ఆడ పోలీసు లేకుండా, మేజిస్ట్రేటు అనుమతి లేకుండా స్టేషన్లో కూర్చోబెట్టిన స్త్రీ లేచి ఇంటికి పోతే, అది తప్పించుకోవడం ఎట్లా అవుతుందని మన వకీలు మొదట అడగాలి. చాలాసార్లు ఆ ప్రశ్న ఎవరూ అడగరు.

బెయిలు మీద బయటికొచ్చి వాయిదాకు రాకపోవడం వేరే సంగతి. 2005 సవరణతో పాత చట్టంలో చేరిన 229ఎ, ఇప్పటి 269, దీన్నే నేరం చేశాయి. ఏడాది దాకా శిక్ష లేదా జరిమానా లేదా రెండూ. అయితే 'తగిన కారణం లేకుండా' అన్న మాట అందులోనే ఉంది. మన పోరాటమంతా ఆ మూడు మాటల మీదే.

కింది కోర్టుల్లో జరిగేదేమిటి? గుడుంబా కేసు పడ్డ ఒక తండా స్త్రీని అనుకోండి. బెయిలొచ్చింది. నాలుగు వాయిదాలు కూలి వదులుకుని వచ్చింది. అయిదోసారి బిడ్డకు జ్వరం. పేరు పిలిచారు, పలకలేదు. ఆ రోజు వకీలు హాజరు మినహాయింపు పిటిషన్ వేస్తే అక్కడితో సరి. వేయకపోతే నాన్‌బెయిలబుల్ వారంటు. సమన్లు, బెయిలబుల్ వారంటు అయ్యాకే సాధారణంగా ఈ వారంటు దాకా పోవాలని 2007లో ఇందర్ మోహన్ గోస్వామి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. చెప్పిందని మనం పిటిషన్లో రాస్తేనే అది మేజిస్ట్రేటు ముందుకొస్తుంది. ఆమె దొరకకపోతే కేసు విడగొట్టి, ఏళ్ళ తరబడి పెండింగులో ఉన్న కేసుల రిజిస్టరులో పడేస్తారు. అక్కడ పడిందంటే పోయిందనుకుంటారు మనవాళ్ళు. పోదు. కోర్టు రద్దు చేసేదాకా, లేదా పోలీసులు అమలు చేసేదాకా వారంటు బతికే ఉంటుంది. ఆ స్త్రీకి మనవలు పుట్టాక కూడా కానిస్టేబులు ఆ కాగితం పట్టుకుని గడపలోకి రావచ్చు.

కాబట్టి దాక్కోమని సలహా ఇచ్చే బంధువుల మాట విననివ్వకండి. తనంతట తాను వకీలుతో కోర్టుకు పోయి, వారంటు రద్దు పిటిషన్ వేస్తే, కారణం నమ్మదగిందైతే, చాలా కేసులు కొద్దిపాటి ఖర్చులు కట్టించో, మందలించో సర్దుబాటవుతాయి. పట్టుకొచ్చి నిలబెట్టిన మనిషికి ఆ వెసులుబాటు తగ్గిపోతుంది. తగిన కారణం లేదని కోర్టు అనుకుంటే ఇక సొంత పూచీ ఒక్కదాని మీద వదలకూడదని చట్టమే చెబుతోంది. ఆసుపత్రి చీటీ, కాన్పు కార్డు, బస్సులు ఆగిన రోజు పేపరు కటింగు, ఏదైనా సరే, ఆ రోజుదే దాచిపెట్టించండి.

ప్రకటన వెలువడి, పరారీ నేరస్థురాలని ముద్ర పడిందాకా రానివ్వకండి. అక్కడ శిక్ష మూడేళ్ళు, ఘోరమైన నేరాల్లో ఏడేళ్ళ దాకా పోతుంది.

ఇక జామీను నిలబడ్డవాళ్ళు. వీళ్ళ గోడు ఎవరికీ పట్టదు. ముద్దాయి రాకపోతే బాండు జప్తవుతుంది, ఎందుకు కట్టకూడదో చెప్పమని జామీనుదారుకు నోటీసు వస్తుంది. కట్టకపోతే జరిమానాలాగా వసూలు చేస్తారు, అదీ కాకపోతే ఆరునెలల దాకా సివిల్ జైలు. కొడుక్కి పూచీ పడ్డ తల్లులు నోటీసు చూసి బర్రెను అమ్ముకుంటారు. అమ్మకముందే కోర్టుకు పోవాలి. ఆ మొత్తంలో కొంత మాఫీ చేసే అధికారం మేజిస్ట్రేటుకు ఉంది, ఇప్పటి నాగరిక్ సురక్షా సంహితలో అది 491.

ఈ జామీను అడిగే తీరులోనే అన్యాయం ఉంది. ఇంటి పన్ను రశీదు తెమ్మంటారు, పట్టాదారు పాసు పుస్తకం తెమ్మంటారు. ఇల్లు మొగుడి పేరు మీద, పొలం మామ పేరు మీద. ఆడదానికి ఆడది జామీను నిలబడే దారే లేదు. పైగా స్థానికుడే కావాలంటారు. 1978లో మోతీరాం అనే తాపీమేస్త్రీ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ దీన్ని కడిగేశారు. పది వేల పూచీ అడిగి, అన్న వేరే జిల్లా వాడని కాదన్నారక్కడ. మన దగ్గర 2016లో, ఆ తర్వాత 2019లో పాత వరంగల్‌ను ముక్కలు చేశాక, నిన్నటిదాకా ఒకే జిల్లా అయిన ములుగు అన్న హనుమకొండ కోర్టుకు పరాయివాడు కావాలా? 2023 జనవరి 31న సుప్రీంకోర్టు స్థానిక జామీను కోసం పట్టుబట్టవద్దంది. బెయిలొచ్చి ఏడు రోజులైనా జైల్లోనే ఉన్నవాళ్ళ సంగతి సూపరింటెండెంటు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలపాలనీ, నెలలోగా పూచీ ఇవ్వలేకపోతే కోర్టే షరతులు సడలించే ఆలోచన చేయవచ్చనీ అంది. బెయిలు ఇవ్వదగిన నేరమైతే, వారంలో జామీను చూపలేని మనిషిని నిరుపేదగా భావించి సొంత పూచీ మీదే వదలాలి. ఇది కోర్టు దయ కాదు, 478వ సెక్షన్.

1886 నాటి వరంగల్ సెంట్రల్ జైలును 2021లో కూల్చి, ఖైదీలను చర్లపల్లి వంటి చోట్లకు పంపాక ఈ సంగతి ఇంకా ముఖ్యమైంది. ములాఖాత్ కోసమే ఒక రోజు కూలి, బస్సు ఛార్జీలు పోతుంటే, జామీను కాగితాల వెంట తిరిగేదెవరు?

వకీలు లేడని ఎవరూ ఆగిపోనక్కరలేదు. 1987 చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆదాయంతో పని లేకుండా ఏ స్త్రీకైనా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. 15100కు ఫోన్ చేయండి, లేదా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థకు నేరుగా పొండి. వట్టి చేతులతో పోవద్దు. కేసు నంబరు, కోర్టు పేరు, చివరి వాయిదా తేదీ ఒక కాగితం మీద రాసుకుని పొండి. ఆ మూడూ లేకపోతే ఫైలు దొరకడానికే నెల పడుతుంది.