పూనికగల కుక్క

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములలో కుక్క వేడుకకై పెంచు జంతువు మాత్రమే కాదు. అది గొఱ్ఱెల మందకు కాపు. టమాటా తోటకు కావలి. మామిడితోపులోని ఒంటి యింటికి తోడు. ఈ పనులను తరతరములుగా మన నాటుకుక్కలు చేయుచున్నవి. నేడు బెంగుళూరు దగ్గరగుటచేత జర్మన్ షెపర్డు, బెల్జియన్ మాలినోయిస్ వంటి జాతుల పిల్లలను తెచ్చుకొనుటయు కష్టము కాదు. కొనువారు సాధారణముగా చూచునవి రూపము, వేగము. చూడవలసినది స్వభావము. ఆ స్వభావమును గూర్చియు, దానికి తగిన శిక్షణను గూర్చియు శ్రోతలకు కొన్ని మాటలు మనవి చేసెదను.

ఈ జాతుల ముఖ్యలక్షణమును ‘పూనిక’ అనవచ్చును. పూనిక యనగా క్రౌర్యము కాదు. గొలుసు తెంచుకొనునట్లు మొరుగు కుక్క అనేక పర్యాయములు భయపడిన కుక్కయే. పూనికను గుర్తించు తీరు వేరు. ఒక బంతిని పొడవైన గడ్డిలోనికి విసరి చూడుడు. సామాన్యమైన కుక్క కొంతసేపు వెదకి మరలివచ్చును. పూనికగల కుక్క బంతి దొరకువరకు వెదకుట మానదు. అలసటను, ఆకలిని మరచి పనిని కోరు గుణమే పూనిక. దారి చూపినచో అది గొప్ప వరము. చూపనిచో గొప్ప ప్రమాదము.

ఈ గుణము ఊరక వచ్చినది కాదు. పుంగనూరు ఆవు పొట్టిగా నుండుట లోపము కాదు గదా! కొద్దిపాటి మేతతో మెట్టనేలపై బ్రదుకుటకు అనువైన జాతిలక్షణమది. అట్లే పనికుక్కల పూనికయు. బెల్జియములో ఆచార్య అడాల్ఫ్ రూల్ 1891లో ఆ దేశపు మందకుక్కలను పరిశీలించి తరగతులుగా విభజించెను. జర్మనీలో మాక్స్ ఫాన్ స్టెఫానిట్జ్ 1899లో షెపర్డు కుక్కల సంఘమును స్థాపించి, అందముకంటె పనికే ప్రాధాన్యమిచ్చెను. తోడేలు వేటలో చూచుట, పొంచుట, తరుముట, పట్టుట, చంపుట అను మెట్లున్నవి. మందను తోలు జాతులలో మానవుడు మొదటి మెట్లను పెంచి, చివరిదానిని అణచెను. మందను కాయు జాతులలో తరుము గుణమునే తగ్గించి, వానిని పిల్లనాటినుండి గొఱ్ఱెల నడుమనే పెంచెను. కావున కాపుకుక్క కావలసిన కాపరి తోలుకుక్కను తెచ్చుకొన్నచో, అది దొంగను విడిచి గొఱ్ఱెలనే తరుమవచ్చును. ఆ తప్పు కుక్కది కాదు, ఎంపికది.

పూనికను పనికి మలచు విధమును పోలీసుకుక్కల శిక్షణలో చూడవచ్చును. మన సైన్యమున కుక్కల శిక్షణ మీరట్‌లో ప్రారంభమైనది. గ్వాలియరు సమీపమున టేకన్‌పూరులో సరిహద్దు భద్రతాదళపు కేంద్రము 1970లో ఏర్పడినది. కేంద్ర రిజర్వు పోలీసుదళమునకు బెంగుళూరు చెంత తరళులో ఇట్టి పాఠశాల కలదు. ప్రేలుడు పదార్థమును పసిగట్టు కుక్కకు దేశరక్షణ తెలియదు. అది తన బంతికొరకే వెదకును. మొదట ఆ వాసనను ఆటవస్తువుతో జతచేయుదురు. పిదప వాసనగల పదార్థమును మాత్రమే దాచి, కుక్క దానిని కనుగొని కదలక కూర్చుండిన క్షణముననే బంతి నిత్తురు. ఆ క్షణము ముఖ్యము. బహుమతి ఆలస్యమైనచో ఏ పనికి మెప్పు వచ్చినదో కుక్క గ్రహింపదు.

పునాది వేయవలసినది పసితనముననే. జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అను అమెరికా శాస్త్రజ్ఞులు 1965లో వెలువరించిన గ్రంథమున, సుమారు మూడవ వారమునుండి పండ్రెండవ వారమువరకు కుక్కపిల్ల లోకముతో చెలిమి చేయు కాలమని తెలిపిరి. ఆ వయసున పిల్లను పశువైద్యుని సలహాతో, చేతులలోనైనను ఎత్తుకొని, లారీల చప్పుడు, సంత రద్దీ, పిల్లల ఆటలు, గొఱ్ఱెలు, మేకలు అన్నియు చూపవలెను. నాడు చూడనిది పెద్దయైన పిదప భయహేతువగును. భయమునకు పూనిక తోడైనచో కాటు తప్పదు.

ఇక ముఖ్యమైన మాట. శిక్షణ యనగా ఉసికొల్పుట కాదు, ఆపుట. కౌండిన్య అభయారణ్యపు అంచున నున్న పలమనేరు, కుప్పము ప్రాంతముల పొలములకు ఏనుగులు వచ్చును. రాత్రివేళ కట్టు విప్పిన కుక్క మొరుగుచు ఏనుగు మీదికి పరుగెత్తును. ఏనుగు తిరుగబడినచో కుక్క ఎచటికి పోవును? తన యజమాని కాళ్లయొద్దకే. దాని వెనుకనే ఏనుగు! పిలుపునకు మరలిరాని కుక్క కావలి కాదు, అపాయమునకు దారి. అట్టి చోట్ల రాత్రులందు కుక్కను లోపల కట్టివేయుటయే మేలు.

‘ఆగు’, ‘వదులు’, ‘రా’ అను మూడు మాటలను పొడవైన త్రాడు కట్టి నేర్పవలెను. ఏ ఆకర్షణయు లేనిచోట మొదలిడి, పిదప దొర్లు బంతి ఎదుట, అటుపిమ్మట మేకల మంద దూరముగా కనబడుచోట అభ్యాసము చేయింపవలెను. ఆగినచో ఆట పోవునని తలచు కుక్క ఆగదు. ఆగినచో ఆట మరల లభించునని తెలిసిన కుక్క సంతోషముగా ఆగును. కఱ్ఱతో కొట్టి ఆపినచో అది కఱ్ఱ కనబడునంతవరకే ఆగును.

పూనికగల కుక్కకు గొలుసు శత్రువు. పనిలేక దినమంతయు కట్టుబడిన కుక్క ఒకేచోట గిరగిర తిరుగును. తన తోకనే కొఱుకుకొనును. తుదకు దారినపోవు బాలునిపై పడవచ్చును. దానికి ప్రతిదినము పరుగు, వెదకు ఆట, పాఠము మూడును కావలెను. కుక్క రొప్పుటచేతనే ఒంటివేడిని చాలవరకు తగ్గించుకొనును గనుక, వేసవిలో తెల్లవారుజామున గాని ప్రొద్దు క్రుంకిన పిదప గాని పని చేయింపవలెను. పిచ్చికుక్కవ్యాధికి టీకా ఏటేట వేయింపవలెను.

కుక్కను కొనదలచిన గృహస్థు ధర నడుగుటకు ముందు తన్ను తానొక ప్రశ్న అడుగుకొనవలెను: దీనికి చేయించుటకు నాయొద్ద ప్రతిదినము పని యున్నదా? ఉన్నచో పూనికగల కుక్క ఆ ఇంటికి సేవకుడును, స్నేహితుడును అగును. లేనిచో, పెరటిలో పుట్టి, పిడికెడు సంగటి తిని, అర్ధరాత్రి అడుగుల చప్పుడునకు మొరుగు మన నాటుకుక్కయే ఆ ఇంటికి చాలును.